ట్రైలర్ పని: టైర్ల గాలి చూసే మీటరు బిగించాం

కారు ముందు టైరులో గాలి దిగితే స్టీరింగు ఒక పక్కకి లాగుతుంది, వెంటనే తెలిసిపోతుంది. వెనక తగిలించిన ట్రైలర్ టైరు అలా కాదు. రబ్బరు చీలికలై మడ్‌గార్డుని కొట్టేదాకా ముందు సీట్లో ఉన్నవాడికి ఏమీ తెలీదు. అందుకే కర్టెన్లు, లోపలి లైట్లు అన్నీ పక్కన పెట్టి ముందు టీపీఎంఎస్, అంటే టైర్ల గాలి చూసే ఈ మీటరు సంగతి చూశాను. 3,000 రూపాయలు దాటకూడదన్నది నేను పెట్టుకున్న హద్దు.

మాది చిన్న ట్రైలర్. ఒకే ఇరుసు, రెండు చక్రాలు, సామానుతో కలిపి 650 కిలోల లోపే. టైర్లు టాటా ఏస్‌కి వేసే 145 ఆర్ 12 రకం. పక్కన 86 అని ఉంటుంది, అంటే ఒక్కో టైరు 530 కిలోలు మోయగలదు. మా బరువుకి 50 పాయింట్ల (పీఎస్‌ఐ) గాలి చాలు. ఈ 50 దగ్గరే సగం మోడళ్లు ఎగిరిపోయాయి. కార్ల కోసం చేసినవి కొన్ని 3.5 బార్ దగ్గర ఆగిపోతాయి. ఒక బార్ అంటే 14.5 పీఎస్‌ఐ, కాబట్టి 51 లోపే వాటి లెక్క అయిపోయింది. మా టైర్లు రోడ్డు మీద వేడెక్కితే 55 చూపించడం మామూలే.

చక్రాలు రెండే కదా, బైకులకి అమ్మే రెండు సెన్సర్ల సెట్టు చవగ్గా వస్తుంది, అది చాలదా అని ఎవరికైనా అనిపిస్తుంది. ఒకటి అరువు తెచ్చి చూశాను. బైకు మీద సెన్సరుకీ డిస్‌ప్లేకీ మధ్య ఐదారు అడుగులే. మాకు ట్రైలర్ చక్రం నుంచి డాష్‌బోర్డు దాకా 20 అడుగుల పైనే, మధ్యలో అల్యూమినియం రేకు, కారు డిక్కీ తలుపు. బండి ఆగి ఉంటే అంకె వచ్చేది, కదిలితే పోయేది. బ్లూటూత్ రకంతో ఇంకో తంటా. మ్యాప్ పెట్టుకోగానే కొన్ని ఫోన్లు వెనకున్న యాప్‌ని నిద్రపుచ్చేస్తాయి. అలారం మోగాల్సింది ఆ యాప్‌లోనే!

చివరికి తీసుకున్నది కార్ల కోసం వచ్చే నాలుగు సెన్సర్ల సెట్టే. 433 మెగాహెర్ట్జ్ రేడియో సిగ్నల్, నాజిల్ మీద మూతలా బిగించే రకం, సోలార్ డిస్‌ప్లే, 6 బార్ దాకా చూపిస్తుంది. నన్ను ఒప్పించింది మాత్రం ఒకటే: ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ అలారం హద్దులు విడివిడిగా పెట్టుకోవచ్చు. డిస్‌ప్లేలో ముందు గళ్లు కారు వెనక చక్రాలకి (33), వెనక గళ్లు ట్రైలర్ చక్రాలకి (50) ఇచ్చాను. కారు ముందు చక్రాలకి సెన్సర్లు లేవు. వాటి సంగతి స్టీరింగు చూసుకుంటుంది. నాలుగు గళ్లూ నిండాయి కాబట్టి సెన్సరు దొరకలేదన్న గోల కూడా లేదు.

బిగించబోతే పంక్చర్ షాపాయన ఆపాడు. "ఏటండి బాబూ ఇది, రబ్బరు నాజిల్ మీద ఇంత బరువెడితే ఊగి ఊగి మొదట్లో చీలిపోద్ది" అన్నాడు. నిజమే. స్పీడులో చక్రం తిరుగుతుంటే ఆ కాస్త బరువే నాజిల్‌ని బయటికి లాగుతుంది. వైజాగ్ ఆటోనగర్‌లో మెటల్ నాజిళ్లు తెచ్చి మార్పించాను, అదీ ఇత్తడివి. అల్యూమినియం నాజిల్ మీద ఇత్తడి మర ఉన్న సెన్సరు ఎక్కిస్తే, మన ఉప్పుగాలికి రెండూ పట్టేసుకుని విప్పేటప్పుడు నాజిలే విరుగుతుంది. బీచ్ రోడ్డు పక్కన బండి పెట్టేవాళ్లు ఇది మాత్రం చూసుకోండి. మరలకి సిలికాన్ గ్రీజు కొద్దిగా రాశాను.

సెన్సరు బిగిస్తే లోపలి పిన్ను నొక్కుకునే ఉంటుంది. ఇక గాలి ఆపేది సెన్సరులోని వాషరొక్కటే. సబ్బు నురగ రాస్తే ఎడమ చక్రం దగ్గర ఆవగింజంత బుడగ ఒకటి ఉబ్బుతూ, పగులుతూ, మళ్లీ ఉబ్బుతూ కనిపించింది. ఇంకో పావు చుట్టు తిప్పితే ఆగింది.

సిగ్నల్ పరీక్షకి మా బావమరిదిని డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి, సెన్సరు విప్పి, కొంచెం గాలి వదిలి మళ్లీ బిగించాను. కాసేపటికి "బావా, 44 అయింది!" అని అరిచాడు. తర్వాత ఆనందపురం దాకా హైవే మీద వెళ్లొస్తే అంకెలు పోలేదు. కాబట్టి సిగ్నల్‌ని అందుకుని ముందుకి పంపే రిపీటర్ కొనలేదు. ట్రైలర్ ఇంకా పొడవైతే అది తప్పదు.

అసలు తమాషా అరకులో. ఎస్.కోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కేటప్పుడు 55, 56 చూపించింది. మర్నాడు తెల్లారేసరికి, 12 డిగ్రీల చలిలో, 46! చేతి గేజీ పెడితే 48. రెండూ సరైనవే. వైజాగ్‌లో 29 డిగ్రీల్లో నింపిన గాలి చలికి ముడుచుకుంది. అరకు సుమారు 900 మీటర్ల ఎత్తు, అక్కడ బయటి గాలి ఒత్తిడి ఒకటిన్నర పాయింటు తక్కువ. చేతి గేజీ ఆ తేడాని కలుపుకుని చెప్తుంది. సెన్సరు మాత్రం ఎక్కడున్నా సముద్రమట్టం దగ్గరి బయటి ఒత్తిడినే తీసేసి చూపిస్తుంది. తక్కువ అలారం 45 దగ్గర పెట్టుంటే, చలి ఇంకాస్త పెరిగితే ఊరికే కూసేది. అందుకే 42కి పెట్టాను, ఎక్కువ అలారం 62కి. ఉష్ణోగ్రత అంకెని మాత్రం నమ్మకండి. సెన్సరు టైరు బయట ఉంటుంది, అది చెప్పేది ఎక్కువగా బయటి గాలి వేడే. ఎండ పడే పక్క టైరు రెండు పాయింట్లు ఎక్కువ చూపినా కంగారు పడక్కర్లేదు.

బ్యాటరీ సీఆర్ 1632. 2032 అయితే ఏ షాపులో అయినా దొరుకుతుంది, ఇది వెతకాలి, కాబట్టి రెండు ముందే కొని డాష్‌బోర్డులో పడేశాను. గాలి కొట్టించాలంటే సెన్సరు విప్పాలి, దాని చిన్న స్పానర్ తాళాల గుత్తికే తగిలించాను. స్టెప్నీకి సెన్సరు లేదు. పంక్చరైతే విప్పిన చక్రం సెన్సరునే దానికి మార్చుకుంటే సరి, స్థానం అదే కాబట్టి మళ్లీ పెయిర్ చేయక్కర్లేదు. కాకపోతే స్టెప్నీకి ఇంకా రబ్బరు నాజిలే ఉంది, ఈ ఆదివారం అదీ మార్పించాలి.