ట్రౌట్ క్వింటెట్: శ్రుతి దగ్గరే సగం పని

షూబర్ట్ 1819లో రాసిన ఈ క్వింటెట్‌లో (ఐదు వాద్యాల రచనలో) పియానో, వయోలా, చెల్లోలతో పాటు వయొలిన్ ఒక్కటే. మామూలుగా ఉండే రెండో వయొలిన్ బదులు డబుల్ బాస్ ఉంటుంది. మంద్రం అది చూసుకుంటుంది కాబట్టి పియానో రెండు చేతులూ తరచూ పైస్థాయిలో ఒకే వరస వాయిస్తాయి. పియానో మూత పూర్తిగా ఎత్తారా, వయోలా గల్లంతే! మూతను నిలిపే పొట్టి కర్రతో మొదలుపెట్టి, హాలు చివర ఒకరిని నిలబెట్టి వినమనండి.

అసలు తంటా శ్రుతిది. చెల్లో 'ఎ' తీగను పియానోతో కలిపి, మిగతావి శుద్ధ పంచమాలతో (పియానో పంచమాలు వీటికంటే కాస్త ఇరుకు) కిందికి దింపుకుంటూ పోతే, ఒక్కో మెట్టుకు దాదాపు 2 సెంట్ల (సెంటు అంటే అర్ధస్వరంలో నూరో వంతు) చొప్పున 'సి' తీగ 6 సెంట్లు పడిపోతుంది. వయోలాకీ అంతే. అందుకే పంచమాలు వెంట్రుకవాసి ఇరుకుగా పెట్టి, 'సి'ని పియానోతో విడిగా సరిచూసుకోవాలి.

నాలుగో భాగంలో, ఈ రచనకు పేరిచ్చిన షూబర్ట్ 'ట్రౌట్' పాట వరసను ముందు తీగవాద్యాలే వాయిస్తాయి. తొలి వేరియేషన్‌లో (ఆ వరసనే మార్చి వాయించే చోట) పియానో అందుకోగానే, అప్పటిదాకా జారిన శ్రుతి అంతా బయటపడుతుంది.