నల్లబల్ల మీద అనీబిసెంట్

హోంరూల్ (స్వపరిపాలన) ఉద్యమం అనే ప్రశ్నకు రెండు మార్కుల జవాబు రాస్తే అనీబిసెంట్ పాఠం ముగిసిపోయే రోజుల్లో, గోదావరి పాయ వైనతేయ ఒడ్డున ఉన్న మన ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రం చెప్పిన టీచరుగారు ఆమె కథను పత్రికా రచన దగ్గర మొదలుపెట్టారు. అందువల్లనే నా మనసులో ఆమె ముందు పాత్రికేయురాలు, ఆ తరువాతే నాయకురాలు.

1888 జూన్‌లో బిసెంట్ తాను లండన్‌లో నడుపుతున్న ‘ది లింక్’ అనే చిన్న పత్రికలో బ్రయంట్ అండ్ మే అగ్గిపుల్లల కర్మాగారంలోని ఆడపిల్లల స్థితిని బయటపెట్టారు. పదహారేళ్ల పిల్లకు వారానికి వచ్చేది నాలుగు షిల్లింగులనీ, అందులో రెండు గది అద్దెకే పోతాయనీ, కాళ్లు మురికిగా ఉంటే మూడు పెన్నీలు జరిమానా కోస్తారనీ రాశారు. షిల్లింగుకు పన్నెండు పెన్నీలు కనుక, వారానికి ఆరు పనిదినాల లెక్కన ఆ జరిమానా రోజు కూలిలో మూడో వంతుకు మించిపోతుందని టీచరుగారు నల్లబల్ల మీద మాచేతనే లెక్క కట్టించారు. కొబ్బరి పీచు పనికి వెళ్లే తల్లుల పిల్లలు తరగతిలో చాలామందే ఉండడంతో, కూలిలో కోత అంటే ఏమిటో మాకు వేరే చెప్పవలసిన అవసరం రాలేదు.

జూలైలో దాదాపు 1,400 మంది పని మానేశారు, జరిమానాలు రద్దయ్యాయి. అదే ఏడాది నవంబరులో, ఆ కార్మికుల పేటలున్న టవర్ హామ్లెట్స్ నుంచే ఆమె లండన్ స్కూల్ బోర్డుకు ఎన్నికయ్యారు. పత్రిక నుంచి పదవికి ఇంత దగ్గరి దారి ఉంటుందని మాకు అప్పుడే తెలిసింది.

మన దేశానికి 1893లో వచ్చిన ఆమె 1914లో మద్రాసు నుంచి ‘న్యూ ఇండియా’ పత్రిక నడిపారు, 1916లో హోంరూల్ లీగ్ స్థాపించారు. ప్రెస్ చట్టం కింద పత్రిక హామీగా కట్టిన ధరావతు సొమ్మును ప్రభుత్వం జప్తు చేసినా రాయడం ఆపలేదు. 1917 జూన్‌లో నిర్బంధించిన ప్రభుత్వం సెప్టెంబరులో విడుదల చేయగా, డిసెంబరులో కలకత్తాలో జరిగిన కాంగ్రెస్ సభకు అధ్యక్షత వహించిన తొలి మహిళ అయ్యారు.

గాంధీజీ సహాయ నిరాకరణను ఆమె వ్యతిరేకించి జనాదరణ పోగొట్టుకున్న సంగతిని కూడా టీచరుగారు దాటవేయలేదు. బిసెంట్ పక్షాన మాట్లాడడానికి మాలో ఎవరూ లేవకపోతే తామే ఆ పక్షం తీసుకొని, చట్టబద్ధమైన ఆందోళన అని మొదటి నుంచీ నమ్మిన దారినే ఆమె విడవలేదని గంటసేపు వాదించారు. గాంధీజీ దారే సరైనదన్న నా అభిప్రాయం నేటికీ మారలేదు. అయినా అనుచరులు వెళ్లిపోతారని తెలిసీ నమ్మినదాన్నే చెప్పిన మనిషిగా బిసెంట్‌ను గౌరవించడం నాకు ఆ గంటలోనే అలవడింది.