అలెంతేజు కుక్కకు అక్కడి పేరు

శనివారం

సోమవారం పశువైద్యురాలి దగ్గరికి వెళ్లేలోగా కుక్కపిల్లకు పేరు స్థిరపడాలి కనుక, ఈ రోజు మా ఇంట్లో మరో మాట సాగలేదు. పోర్చుగల్‌లో కుక్కకు మైక్రోచిప్ వేయించి, సియాక్ అనే జాతీయ పట్టికలో నమోదు చేయించడం చట్టప్రకారం తప్పనిసరి. పుట్టిన 120 రోజుల్లోపు ఆ పని పూర్తి కావాలి. చిప్‌లో ఉండే 15 అంకెల సంఖ్యతో పాటు జాతి, రంగు, ఆడో మగో, యజమాని ఎవరు అన్న వివరాలు రాసుకుంటారు, వాటి పక్కనే పేరు కూడా రాస్తారు. పోర్చుగీసు తల్లిదండ్రులు తమ బిడ్డకు పేరు పెట్టాలంటే ప్రభుత్వం ఆమోదించిన పేర్ల జాబితాకు లోబడి ఉండాలి. కుక్కకు అలాంటి జాబితా ఏదీ లేకపోవడం వల్ల మా బాధ్యత తగ్గలేదు సరికదా, మరింత పెరిగినట్టే అనిపించింది.

మావాడు దక్షిణ పోర్చుగల్‌లోని అలెంతేజు ప్రాంతానికి చెందిన రఫేయిరు దు అలెంతేజు అనే కాపలా జాతి మగ కుక్కపిల్ల. ఒళ్లంతా నలుపు, రొమ్ము మీదా ముందరి పాదాల మీదా తెలుపు. ఇప్పుడు ఒళ్లో పట్టేంత ఉన్నాడు గానీ, ఈ జాతి మగకుక్కలు ఎదిగితే 45 నుంచి 60 కిలోల బరువు తూగుతాయి, భుజం దగ్గర 70 సెంటీమీటర్ల ఎత్తు దాటేవీ ఉన్నాయి. ఎవొరా పట్టణం చుట్టూ విస్తరించిన ఓక్ చెట్ల మైదానాల్లో గొర్రెల మందలకూ పొలాల మధ్య ఉండే ఒంటరి ఇళ్లకూ తరతరాలుగా కాపలా కాస్తున్న జాతి ఇది; పగటి కంటే రాత్రిపూట మరింత మెలకువగా ఉంటుంది. ఇటువంటివాడికి తెలుగు పేరు పెడితే ఇంట్లో మనకు ముద్దుగా ఉంటుందని మా ఆయన అన్నారు. నాకు మాత్రం పోర్చుగీసు పేరే పెట్టాలని పట్టుదల. గేటు తెరిచి ఉన్న ఏదో ఒక రోజున వాడు బయటికి వెళ్లిపోతే, వెనకనుంచి కేకేసి ఆపవలసినవాళ్లు మా ఇరుగుపొరుగువాళ్లే. వాళ్ల నోటికి అప్రయత్నంగా వచ్చే పేరే వాడికి రక్ష.

మా అబ్బాయి నిద్ర లేస్తూనే బోబి అన్నాడు. ఇక్కడి ఇళ్లలో కుక్క అంటే బోబి, పిల్లి అంటే తరేకు, అంత అలవాటైన జంట అది. పైగా లైరియా ప్రాంతంలోని కొంకేయిరుష్ గ్రామంలో బోబి అనే రఫేయిరు ఉండేది. ప్రపంచంలో అన్నిటికంటే ఎక్కువ కాలం బతికిన కుక్కగా 2023 ఫిబ్రవరిలో గిన్నిస్ సంస్థ దాన్ని ప్రకటించింది, అదే ఏడాది అక్టోబరులో అది చనిపోయింది. 31 ఏళ్ల వయసును నిరూపించే గట్టి ఆధారాలు లేవని 2024లో ఆ గుర్తింపును వెనక్కి తీసుకున్నారు. రికార్డు మాట ఎలా ఉన్నా, ఆ కుక్కను అంత ప్రేమగా చూసుకున్న ఇంటి మీద నాకు గౌరవం ఉంది. అయినా ఆ పేరు వద్దన్నాను. మా వీధిలోనే బోబి అన్న పిలుపుకు రెండు మూడు కుక్కలు తలలు తిప్పుతాయి.

తరువాత అందరికీ గంభీరమైన పేర్ల మీదికి మనసు పోయింది. లియౌఁ అంటే సింహం, త్రువౌఁ అంటే ఉరుము. పోర్చుగీసులో ముక్కుతో పలికే ఆ చివరి ధ్వనిని తెలుగులో రాయాలంటే అరసున్నా పెట్టడమే దగ్గరి దారి. అయితే వద్దు, కూడదు అని కుక్కను వారించేందుకు ఇక్కడ వాడే మాట ‘నౌఁ’. పిలుపూ మందలింపూ ఒకే ధ్వనితో ముగిస్తే, రమ్మంటున్నారో వద్దంటున్నారో ఆ చిన్న ప్రాణికి ఎలా తెలుస్తుంది? అదే కారణంతో నిప్పురవ్వ అనే అర్థమున్న ఫయీష్కా కూడా పోయింది, ఎందుకంటే అక్కడే ఉండు అని చెప్పే ‘ఫీకా’ దానికి మరీ దగ్గరగా ఉంది. పేరును ఎంచుకునేవాళ్లు అర్థం కంటే ముందు చూసుకోవలసింది ఇదేనని నా నమ్మకం. అర్థం మనకోసం, ధ్వని వాడికోసం.

మధ్యాహ్నం పొరుగింటి పెద్దాయన దడి దగ్గర నిలబడి మాట్లాడుతూ, వాళ్ల అమ్మగారి కాలంలో కుక్కలకు నదుల పేర్లు పెట్టేవారని చెప్పారు. పిచ్చి పట్టిన కుక్క నీళ్లను చూసి బెదురుతుంది కాబట్టి, నీటి పేరు పెట్టుకున్న కుక్కకు ఆ జబ్బు సోకదని వాళ్ల విశ్వాసమట. అందుకే తేజు, మొందేగు, సాదు అన్న పేర్లు. నేను తెనాలి దగ్గరి పల్లెలో పెరిగినదాన్ని. పిచ్చికుక్క తిరుగుతోందన్న మాట వినగానే పిల్లలందరినీ లోపలికి లాగి తలుపులు వేసే రోజులు నాకు బాగా గుర్తు. టీకా అందుబాటులో లేని తల్లులు ఒక పేరుతోనైనా ఇంటిని కాపాడుకోవాలని చూశారంటే నాకు మూఢనమ్మకంగా కొట్టిపారేయబుద్ధి కాలేదు. ఇప్పుడు ఆ వ్యాధి ఈ దేశంలో లేకపోయినా, మూడు నెలలు దాటిన ప్రతి కుక్కకూ టీకా వేయించాల్సిందే.

తేజు అన్న పేరు నాకు అన్ని విధాలా నచ్చింది. ఐబీరియా ద్వీపకల్పంలో అన్నిటికంటే పొడవైన నది అది, లిస్బన్ దగ్గర అట్లాంటిక్‌లో కలుస్తుంది. అలెంతేజు అన్న ప్రాంతం పేరే ఆ నదికి అవతలి నేల అని. సాయంత్రం అమ్మకు ఫోన్ చేసి చెప్పాను. ‘మన తేజుగాడి పేరు కుక్కకేమిటే? మీ అన్నయ్య వింటే ఏమనుకుంటాడు?’ అంది. మేనల్లుణ్ని ఇంటిల్లిపాదీ పిలిచే పేరు అదే. బంధువుల బిడ్డ పేరు కుక్కకు పెట్టకూడదన్న మర్యాద నాకూ ఉంది, కాబట్టి ఆ మాట అక్కడితో ఆపేశాం.

తీరా చూస్తే పేరు ఎవరూ ప్రతిపాదించకుండానే వచ్చింది. పెద్దాయన గొర్రెలను తోలుకుని తిరిగి వస్తూ, మా వాకిట్లో చెప్పు పట్టీని కొరుకుతున్న పిల్లను చూసి, ‘అందకా, ఫర్రూష్కు!’ అన్నారు. ఇలా రా, మసిగాడా అని. వాడు పట్టీని వదలలేదు గానీ ఒక చెవి నిక్కబొడిచి, తల ఆయన వైపు తిప్పాడు. నల్లటి కుక్కలకు పల్లెల్లో పెట్టే పాత పేరు అది. తెల్లావు, కర్రావు అంటూ పశువులను ఒంటి రంగుతో పిలిచే మనకు ఆ పద్ధతి పరాయిది కాదు. పాతకాలపు పల్లెవాసుల్లాగే ఆయన అందులోని రెండు ‘ర’లనూ నాలుక గట్టిగా అదిలించి పలికారు, మన బండి ‘ఱ’ అలవాటున్న నా నోటికి అది సులువుగానే పట్టుబడింది.

ఆ తరువాత మేము ముగ్గురం వాకిలికి ఒక్కో మూలన నిలబడి, వంతులవారీగా ఆ పేరుతో పిలిచి చూశాం. చివర ‘ఓ’ అని రాసినా ‘ఉ’ అని పలికే పోర్చుగీసు అలవాటు వల్ల అది దూరానికి తెలుగు పిలుపులాగే వినిపిస్తుంది, మధ్యలోని ‘ష్’ శబ్దానికి వాడు ప్రతిసారీ తల ఎత్తాడు. వెతుకు అని వేటకుక్కలకు చెప్పే ‘బూష్కా’ అన్న ఆజ్ఞతో కొంత పోలిక ఉంది గానీ, కాపలా జాతివాడికి ఆ మాటతో పని పడదు. మా ఆయన ఇక మారు మాట్లాడలేదు. అమ్మ మళ్లీ ఫోన్ చేసి, రెండుసార్లు పలికి చూసుకుని, ‘పిలవగలనులే’ అంది.

సోమవారం ఇవ్వవలసిన కాగితం మీద పేరు రాసేశాను, పక్కన మగ, నలుపు తెలుపు అని కూడా. రెండు ‘ర’లూ ఉన్నాయో లేదో మా అబ్బాయి సరిచూశాడు. మెడపట్టీకి తగిలించే బిళ్ల మీద ఒక వైపు పేరు, రెండో వైపు ఫోన్ నంబరు చెక్కించాలి. ఆ దుకాణం సోమవారం పదింటికి తెరుస్తారు.