మా పెద్దోడి ఉయ్యాల

ఈరోజు బీరువా సర్దుతుంటే పాత నీలం నేత చీర బయటపడింది. 1998లో విజయవాడ సింగ్‌నగర్‌లో ఒక్క గది పోర్షన్‌లో ఉండేవాళ్లం. దూలానికి ఆ చీర కట్టి మా పెద్దోణ్ణి ఊపేదాన్ని. డబ్బా పాలు కొనే స్తోమత లేదు. బియ్యం, పెసరపప్పు దోరగా వేయించి, రవ్వ పట్టించి, కిరోసిన్ స్టవ్ మీద ఉగ్గు కాచేదాన్ని. కరెంటు పోతే ఆయన రాత్రంతా విసనకర్రతో విసురుతూ కూర్చునేవారు, తెల్లారగానే మళ్లీ ఆటో తీసేవారు.

ఒకసారి జ్వరమొస్తే మందుల కోసం నా చెవిదిద్దులు తాకట్టు పెట్టాం. ఆ రాత్రి టెన్షన్ ఇప్పటికీ మర్చిపోలేదు.

చిన్నదానికి బొమ్మలు కొనగలిగాం. వాడికి మాత్రం బొమ్మలంటే గరిటె, సత్తుగిన్నె. వాటితోనే ఎంత నవ్వేవాడో!

చీర మధ్యలో చిన్న చిరుగు. వాడి బొటనవేలు చేసిందే. కుట్టలేదు, కుట్టను కూడా.