కె.ఆర్.పురంలో కమురు వాసన

చిత్తూరు నుంచి బెంగళూరుకి కారులో పోవడం మాకు కొత్త కాదు. పలమనేరు, ముళబాగిలు, కోలారు, హోస్కోట... దారి మీకు తెలిసిందే, టోల్ ఎంత పిండుతున్నారో కూడా తెలిసిందే. ముళబాగిలులో దోసె తిన్నాం, బాగుంది. మారతహళ్ళిలో మా పిన్ని కూతురి గృహప్రవేశం కూడా బాగా జరిగింది. నేను రాయాలనుకున్నది మాత్రం కారులో వచ్చిన వాసన గురించి.

హోస్కోట దాటాక మొదలైంది. ఎవరో చెత్త తగలబెడుతున్నారేమోనని అద్దాలు ఎత్తేశాం. కె.ఆర్.పురం వేలాడే వంతెన దాటి, టిన్ ఫ్యాక్టరీ వైపు బండ్లు అంగుళం అంగుళం జరిగే చోటికి వచ్చేసరికి కమురు వాసన లోపలంతా నిండిపోయింది. మా ఆవిడకి ఒకటే టెన్షన్, "ఇంజన్ గానీ కాలిపోతోందా, పక్కకి ఆపండి" అని. టెంపరేచర్ ముల్లు మామూలుగానే ఉంది. వైరు కాలితే ప్లాస్టిక్ వాసన వస్తుంది, కూలెంట్ కారితే తియ్యటి వాసన, ఆయిల్ సైలెన్సర్ పైపు మీద పడితే నూనె మాడిన వాసనతో పాటు పొగ. ఇది అవేవీ కాదు. ముక్కులు మండే ఘాటు.

ఫంక్షన్ అయ్యాక ఒక పెద్ద సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్ళాను. అక్కడి కుర్రాడు కారెక్కి నడపలేదు, ఒక్క చక్రం లేపి చూడలేదు. "ట్రాఫిక్‌లో హాఫ్ క్లచ్‌లో, అంటే పెడల్ సగం తొక్కిపెట్టి, నడిపుంటారు సార్, క్లచ్ ప్లేట్ పోయింది" అని 14,500 ఎస్టిమేట్ చేతిలో పెట్టాడు. చెకింగ్ చార్జి 800 వేరే. క్లచ్ జారితే ఇంజన్ మోత పెరుగుతుంది గానీ బండి వేగం అందుకోదు కదా, నా బండి వేగం బాగానే అందుకుంటోంది, పైగా ఎడమ వైపుకి గుంజుతోంది అన్నాను. కంప్యూటర్ మీంచి తల ఎత్తలేదు. డబ్బు సంగతి తర్వాత, చెప్పేది వినకపోతే నాకు ఒళ్ళు మండుతుంది.

మా నాన్న లారీ నడిపేవారు. చిత్తూరు, పలమనేరు మధ్య ఉండే మొగిలి ఘాట్ దిగాక ఎంత తొందర ఉన్నా ఆపి, ఒక్కో చక్రం దగ్గరా చేయి ఆనించకుండా పెట్టి వేడి చూసేవారు. చిన్నప్పుడు నేనూ వెనకాలే తిరిగేవాణ్ణి. ఆ సర్వీస్ సెంటర్ నుంచి బయటికొచ్చి కాస్త దూరం నడిపాక ఆపి అదే పని చేశాను. మూడు చక్రాల దగ్గర గోరువెచ్చగా ఉంది. ముందు ఎడమ చక్రం దగ్గర చెయ్యి పెట్టలేకపోయాను.

పాత మద్రాసు రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డు కనిపిస్తే అక్కడ ఆపాను. మేం మాట్లాడుకోవడం విని మెకానిక్కే తెలుగులో పలకరించాడు, వాళ్ళది శ్రీనివాసపురం అట. "ఇది బ్రేక్ వాసన అన్నా, క్లచ్‌ది కాదు. క్లచ్‌ది కాసేపటికి పోతుంది, ఇది ఒక చక్రం దగ్గరే పట్టుకుని ఉంటుంది" అన్నాడు. జాకీ వేసి చక్రాన్ని చేత్తో తిప్పితే కదలనంటోంది. బ్రేక్ ఆయిల్ బయటికి వదిలే బ్లీడర్ నిపిల్‌ని కొంచెం వదులు చేసి, "ఇప్పుడు చక్రం వదులైతే ఆయిల్ వచ్చే హోస్ పైపులో అడ్డు, లేకపోతే ప్యాడ్లని డిస్కుకి నొక్కే కాలిపర్‌లోనే పట్టేసినట్టు" అని నాకు చూపించాడు. వదులు కాలేదు.

కాలిపర్ విప్పితే అసలు సంగతి బయటపడింది. కాలిపర్ అటూ ఇటూ జరగడానికి ఉండే గైడ్ పిన్నుల్లో కిందిదాని రబ్బరు తొడుగు (బూటు) చిరిగి, నీళ్ళు దూరి, పిన్ను తుప్పుతో బిగుసుకుపోయింది. కాలిపర్ జరగడం లేదు కాబట్టి ఒత్తిడంతా లోపలి ప్యాడ్ మీదే. అది అట్టముక్కంత పల్చగా అరిగిపోయింది, బయటిది సగం పైనే ఉంది. బ్రేక్ ఆయిల్ కూడా నల్లబడింది. ఈ ఆయిల్ గాలిలో తేమని లాక్కుంటుంది. డాట్ 4 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక 155 దగ్గరే మరగొచ్చు. మరిగితే ఆవిరి బుడగలు చేరి పెడల్ నేలకి ఆనుతుంది, బండి ఆగదు. క్లచ్ మార్పించుకుని ఇదే చక్రంతో మొగిలి ఘాట్ దిగి ఉంటే, వెనక సీట్లో పిల్లలతో... ఆ ఆలోచనకే చేతులు చల్లబడ్డాయి.

రెండు వైపులా కొత్త ప్యాడ్లు 1,600, పిన్నుల కిట్ 350, బ్రేక్ ఆయిల్ 400, కూలి 700. పిన్నుకి సిలికాన్ గ్రీజే పెట్టాడు, మామూలుది పెడితే రబ్బరు ఉబ్బుతుందట. తర్వాత నన్ను పక్కన కూర్చోబెట్టుకుని హోస్కోట వైపు నడిపి, ఆపి, నాలుగు చక్రాలూ చూపించాడు. నాలుగూ ఒకేలా ఉన్నాయి.

ఆ ఎడమ చక్రం పాత ప్యాడ్లు రెండూ కవర్లో వేయించుకుని సర్వీస్ సెంటర్‌కి మళ్ళీ వెళ్ళాను. మేనేజర్‌కి చూపించి 800 వెనక్కి అడిగాను. చెకింగ్ చార్జి వాపసు ఉండదన్నాడు. ఫిర్యాదు కాగితం మీద రాసి, ప్యాడ్ల ఫోటో జత చేసి, రసీదు ముద్ర వేయించుకునే దాకా కదల్లేదు.