రుడాల్ఫినంలో ద్వోర్జాక్ ‘స్టాబత్ మాటర్’

ప్రాగ్ మెట్రో ‘ఎ’ (A) లైన్‌లో స్టారోమ్యెస్ట్‌స్కా స్టేషన్ దగ్గర దిగి నది వైపు నాలుగడుగులు వేస్తే రుడాల్ఫినం అనే కచేరీ భవనం. 1896 జనవరి 4న చెక్ ఫిల్హార్మోనిక్ వాద్యబృందం తొలి కచేరీని చెక్ స్వరకర్త ద్వోర్జాక్ స్వయంగా నడిపించింది ఇక్కడే. ఇందులోని ప్రధాన హాలుకు ఆయన పేరే. ఆ హాల్లో ఆయన బృందగానం ‘స్టాబత్ మాటర్’ వినాలని, ముందు కచేరీ తేదీ చూసుకుని ఆ తర్వాతే విమానం టికెట్ కొన్నాను. మీరూ అలాగే చేయండి.

పాతబస్తీ వీధుల్లో పాతకాలపు వేషాలతో కచేరీ టికెట్లు అమ్మేవాళ్లు ఎదురవుతారు. అవి చాలావరకు చర్చిల్లో చిన్న బృందాలు వాయించే గంటసేపటి కార్యక్రమాలు, తలా ఒక రచనలోంచి ఓ ముక్క. రాతి గోడల మధ్య ఒక స్వరం ఆరకముందే ఇంకోటి మీద పడుతుంది, నాలుగు గొంతుల అల్లిక ముద్దయిపోతుంది. పూర్తి రచన కావాలంటే వీళ్ల దగ్గర కాకుండా హాలు కౌంటర్లో కొనండి.

ముందు వరుసలు తీసుకోకండి. గాయకులు వాద్యబృందానికి వెనక, ఆర్గాన్ వైపు నిలబడతారు. దగ్గర కూర్చుంటే చెవినిండా వయొలిన్లే. మధ్యలో, కాస్త వెనక్కి ఉన్న సీటు నాకు సరిపోయింది. కోటు క్లోక్‌రూంలో ఇచ్చేయాలి. మొత్తం పది భాగాలు, దాదాపు గంటన్నర. భాగాల మధ్య చప్పట్లు కొట్టరు.

శిలువ మీది కొడుకు ఏసును చూస్తూ కింద నిలబడ్డ మరియమ్మ శోకం, ‘స్టాబత్ మాటర్’ అనే ఈ లాటిన్ పద్యం. 1875లో ద్వోర్జాక్ పసికూతురు జోసెఫా పోయింది. మరుసటి ఏడాది పియానో సహకారంతో ఏడు భాగాలు రాసి పక్కన పెట్టాడు. 1877లో కొద్ది వారాల తేడాతో మిగిలిన ఇద్దరు పిల్లలు, రూజెనా, ఒటాకర్ కూడా పోయారు. అప్పుడు మళ్లీ చేతికి తీసుకుని, మూడు భాగాలు చేర్చి, వాద్యబృందానికి రాసి ముగించాడు. తొలి ప్రదర్శన 1880 డిసెంబరు 23న, ప్రాగ్‌లోనే.

మొదలు ఒక్కటే స్వరం, ఎఫ్ షార్ప్. అదే స్వరం స్థాయి మీద స్థాయి ఎక్కి, తర్వాత అరస్వరం చొప్పున జారుతూ దిగుతుంది. గాయకులు అందుకునేదాకా కొన్ని నిమిషాలు వాద్యాలే. ఒకే రాగధార వెంట పోవడం అలవాటైన మన చెవి పైగొంతును పట్టుకుంటుంది. ఒకసారి పట్టుబట్టి కింది బాస్ గొంతుల మీద చెవి పెట్టండి, పైన ఏడుపు దేని మీద నిలబడిందో తెలుస్తుంది.

పదో భాగంలో ఆ ఎఫ్ షార్ప్ మళ్లీ వస్తుంది, ఈసారి డి మేజర్ అనే వెలుగు నిండిన స్వరశ్రేణిలోకి తిరుగుతుంది. ‘ఆమెన్’ పరుగుల నడుమ వాద్యాలన్నీ ఆగిపోయి, గాయకులు మాత్రమే నిండు గొంతుతో పాడే చోటుంది. ఏ బృందానికైనా అదే గండం. గంటకు పైగా పాడి అలసిన గొంతులు, ఊతానికి ఒక్క వాద్యమూ లేదు. శ్రుతి వెంట్రుకవాసి దిగినా వాద్యాలు తిరిగి అందుకోగానే బయటపడిపోతుంది. ఆ రాత్రి అతుకు తెలియలేదు. రచన చాలా మెల్లగా ఆరిపోయింది. నిర్దేశకుడి చేతులు కిందికి దిగేదాకా హాల్లో ఎవరూ కదల్లేదు.

మర్నాడు మెట్రో ‘సి’ (C) లైన్‌లో వ్యషెహ్రాద్ కోటకు వెళ్లాను. అక్కడి శ్మశానంలో కమానుల వరండా కింద ద్వోర్జాక్ సమాధి, పైన ఆయన విగ్రహం. మరో చెక్ స్వరకర్త స్మెతానా సమాధీ ఆ ఆవరణలోనే ఉంది.