నర్సులు తమ గురించి తాము చెప్పుకున్నది

2021 మే మొదటి వారంలో నన్ను హైదరాబాదులోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చేనాటికి నా రక్తంలో ఆక్సిజన్ 84 శాతానికి పడిపోయింది. రెండు ఊపిరితిత్తుల అడుగుభాగాల్లోనూ కరోనా పాకిందని, ఊపిరితిత్తులకు ఎంత సోకిందో చెప్పే సీటీ స్కాన్ స్కోరు 25కు 16 ఉందని చెప్పారు. వరంగల్‌లో జూనియర్ కాలేజీ విద్యార్థులకు తెలుగు పాఠాలు చెప్పే నాకు ఆ అంకెల తీవ్రత అప్పటికి తెలియదు. వాటి అర్థం నాకు విడమరిచి చెప్పింది రాత్రి డ్యూటీలో ఉన్న ఒక నర్సు. ఖమ్మం జిల్లా అమ్మాయి. ఒళ్లంతా కప్పే పీపీఈ కిట్టు వీపు మీద మార్కరు పెన్నుతో పేరు రాసుకుంది కాబట్టి ఆమె ఎవరో తెలిసేది గాని, నేను అక్కడ ఉన్నన్నాళ్లూ ఆమె ముఖం ఎలా ఉంటుందో చూడలేదు.

మాస్కుకు వేలాడే సంచిలోకి నిమిషానికి 15 లీటర్ల ఆక్సిజన్ వస్తున్నా నాకు గాలి చాలలేదు. "అమ్మా, బోర్లా పడుకోవాలె. ఊపిరితిత్తులు ఎక్కువ భాగం వీపు దిక్కే ఉంటయి. వెల్లకిలా పడుకుంటే అవి నొక్కుకపోతయి, గాలి ఆడదు" అని చెప్పి, ఆమె నన్ను మెల్లగా తిప్పింది. ఛాతీ కింద ఒక దిండు, నడుము కింద ఒకటి, కాళ్ల కింద ఒకటి పెట్టి, పొట్ట నలగకుండా చూసి, మెడ పక్కకు తిప్పి, గొట్టం ఎక్కడా మడత పడలేదని వేలితో తడిమి చూసుకుంది. తరువాత నా వేలిని తన రెండు చేతుల మధ్య పెట్టుకుని కాసేపు రుద్దింది. చేతులు చల్లబడితే ఆక్సిమీటరు తప్పు అంకె చూపిస్తుందని, ఆ తప్పు అంకె చూసి కంగారుపడటమో ధీమాగా ఉండటమో రెండూ ప్రమాదమేనని అంది. అరగంటకు 91 వచ్చింది. ఆ రాత్రంతా ఆమె వార్డులో ఒక మంచం నుంచి మరొక మంచానికి ఇదే పని చేస్తూ తిరగడం, తల పక్కకు తిప్పి ఉన్నంతమేర, నేను చూస్తూనే ఉన్నాను.

మా అబ్బాయితో నన్ను వీడియో కాల్‌లో మాట్లాడించడానికి ఆమె తన సొంత ఫోనే వాడింది. నంబర్లు ఇద్దరూ దాచుకోవడంతో ఆమె వాట్సాప్ స్టేటస్ మా అబ్బాయికి కనిపించేది. నాకు కాస్త తెరిపి వచ్చి, ముక్కు గొట్టాలతో సరిపోయే స్థితికి చేరుకున్నాక, నేనూ ఆ నంబరు దాచుకుని ఆమె స్టేటస్‌లు చదవసాగాను. ఒకనాటి తెల్లవారుజామున ఆమె రెండే వాక్యాలు పెట్టింది: "ఈ రాత్రి 11 మందిని బోర్లా పడుకోబెట్టినం. 9 మందికి 90 దాటింది." ఫోటో లేదు, దండం పెట్టే బొమ్మ లేదు. ఆ పదకొండు మందిలో నేనూ ఉండి ఉంటానని తెలిసి ఆ వాక్యాలను చాలాసేపు చూస్తూ ఉండిపోయాను.

అంతకు ముందు ఏడాది నుంచి నర్సుల గురించి మనం చూసిన బొమ్మలు వేరు. దేవతలన్నారు, తెల్లకోటు సైనికులన్నారు, పోస్టర్లలో పది చేతులు గీశారు. 2020 మార్చి 22న చప్పట్లు కొట్టాం. మే 3న వాయుసేన హెలికాప్టరు సికింద్రాబాదు గాంధీ ఆసుపత్రి మీద పూలు చల్లింది. ఆ కృతజ్ఞత నిజమైనదేనని నేను నమ్ముతాను. కానీ అదే కాలంలో నర్సులు తమంతట తాము పెట్టుకున్న ఫోటోల్లో మరో సంగతి కనిపించింది. ఇటలీలో ఒక నర్సు మాస్కు ఒరిపిడికి కమిలిన తన ముఖాన్ని ఉన్నదున్నట్టు చూపించింది. న్యూయార్కులో ఒక ఆసుపత్రి నర్సులు గౌన్లు లేక నల్లని చెత్త సంచులు తొడుక్కుని ఫోటో దిగారు. "మీ కోసం మేమిక్కడ ఉన్నాం, మా కోసం మీరు ఇంట్లో ఉండండి" అన్న అట్టముక్కలు పట్టుకున్న ఫోటోలు దేశదేశాల నుంచి వచ్చాయి. వీటిలో ఎవరూ తమను దేవతలుగా చూపించుకోలేదు. మా పని ఇది, ఈ పని చేయడానికి మాకు ఇవి కావాలి అన్నారు.

మే 12 అంతర్జాతీయ నర్సుల దినం. 2021లో సరిగ్గా ఆ రోజు ఉదయం 10 గంటలకే తెలంగాణలో లాక్‌డౌన్ మొదలైంది. ఆధునిక నర్సింగుకు పునాది వేసిన ఫ్లోరెన్స్ నైటింగేల్ పుట్టినరోజు కాబట్టి, దీపం పట్టుకున్న ఆమె బొమ్మ ఆ రోజు అందరి ఫోన్లలోనూ తిరిగింది. ఆ దీపం బొమ్మ 1855లో లండన్ సచిత్ర వారపత్రికలో వచ్చినది, అంటే ఇతరులు ఆమెను చూసిన తీరు. ఆమె స్వయంగా లోకానికి చూపించింది అంకెలు. క్రిమియా యుద్ధంలో బ్రిటిష్ సైనికులు గాయాలకన్నా నివారించదగిన రోగాలతోనే ఎక్కువగా చనిపోయారని 1858లో రంగుల పటాలు గీసి ప్రభుత్వం ముందు పెట్టింది. మంచం మీద పడుకుని ఇదంతా తలుచుకుంటుంటే, మా వార్డు నర్సు పెట్టిన ఆ రెండు వాక్యాలు నైటింగేల్ పటాల వరసలోవే అనిపించింది. ఇది అతిశయోక్తి అని నేను అనుకోవడం లేదు.

ఆమె పెట్టిన స్టేటస్‌లలో ఒకటి సాయంత్రానికి మాయమైంది. ఒకే ఎన్-95 మాస్కును ఎండబెట్టుకుని మళ్లీ వాడవలసి వస్తోందని అందులో రాసింది. తీసేయమన్నారా అని అడిగితే ఆమె జవాబు చెప్పకుండా నా పొట్ట మీద రక్తం గడ్డకట్టకుండా చేసే ఇంజెక్షను ఇచ్చి వెళ్లిపోయింది. తమ గురించి తాము రాసుకునే హక్కు నర్సులకు అంత తేలికగా దక్కలేదని చెప్పడానికే ఈ సంగతి ఎత్తుతున్నాను. అయినా వాళ్లు ఒక హద్దును కచ్చితంగా పాటించారు. ఆమె స్టేటస్‌లలో గాని, తరువాత నేను చూసిన ఆమె సహోద్యోగుల పోస్టుల్లో గాని, రోగి ముఖమో మంచం నంబరో కేస్ షీటో ఒక్కసారి కూడా కనిపించలేదు.

డ్యాన్సు వీడియోల గురించి కూడా చెప్పాలి. పీపీఈ కిట్లలో నర్సులు సినిమా పాటకు అడుగులు వేసిన వీడియోల కింద "అక్కడ మావాళ్లు చస్తుంటే మీకు డ్యాన్సులా" అని తిట్టినవాళ్లు చాలామంది. అయినవాళ్లను పోగొట్టుకున్నవారి కోపాన్ని నేను తప్పుపట్టలేను. అయితే కిట్టు వేసుకున్నాక ఆరేడు గంటలపాటు మంచినీళ్లు తాగడానికి, బాత్రూముకు వెళ్లడానికి వీలుండదని, డ్యూటీ అయ్యాక కూడా పిల్లల దగ్గరకు పోకుండా హాస్టల్ గదిలోనే ఉంటారని తెలిశాక నాకు ఆ వీడియోలు తప్పుగా తోచలేదు. మా పక్క మంచం పెద్దాయన ఐసీయూ నుంచి వార్డుకు తిరిగి వచ్చిన రోజు ఇద్దరు సిస్టర్లు ఆయన ముందు చప్పట్లు కొడుతూ రెండడుగులు వేశారు. ఆయన చెయ్యెత్తి తాళం వేశాడు. దాన్ని ఎవరూ వీడియో తీయలేదు.

ఆక్సిజన్ యంత్రం అద్దెకు తీసుకుని ఇంటికి వచ్చాక నా కోలుకోవడం చాలావరకు నర్సులు తీసి పెట్టిన వీడియోల సాయంతోనే సాగింది. అప్పుడు బ్లాక్ ఫంగస్ అనే బూజు జబ్బు భయం ఊరంతా ఉంది. స్టెరాయిడ్ల వల్ల నా షుగరు కూడా పెరిగింది. ఒక నర్సు తన వంటింటి గట్టు మీద ఆక్సిజన్‌ను తడిపే, యంత్రపు నీళ్ల సీసా పెట్టి, మూత విప్పి, పాత నీళ్లు పారబోసి, కడిగి ఆరబెట్టి, డిస్టిల్డ్ వాటరు గీత వరకు మాత్రమే పోసి చూపించింది. కుళాయి నీళ్లు ఎందుకు పోయకూడదో, నిన్నటి నీళ్ల మీదే కొత్తవి ఎందుకు కలపకూడదో తెలుగులో నెమ్మదిగా చెప్పింది. మరొకరు పెదవులు సున్నాలా చుట్టి ఊపిరి వదిలే పద్ధతి నేర్పారు. ఊపిరి పీల్చి బంతులు లేపే మూడు బంతుల స్పైరోమీటరులో నేను మొదట ఒక్క బంతినే లేపగలిగాను. రెండోది లేవడానికి జూన్ నెల సగం గడిచింది. మెట్లెక్కితే ఆయాసం, జుట్టు రాలడం, రాత్రుళ్లు ఉలిక్కిపడి లేవడం చాన్నాళ్లు ఉన్నాయి. ఇవన్నీ చాలామందికి వస్తాయని, తగ్గుతాయని ముందుగా నాకు చెప్పింది కూడా వాళ్లే.

2021 జూలైలో, కరోనా కాలంలో తాత్కాలికంగా తీసుకున్న నర్సులను తెలంగాణలో పెద్దసంఖ్యలో విధుల నుంచి తొలగించారు. వారు హైదరాబాదు రోడ్ల మీద ప్లకార్డులు పట్టుకుని నిలబడ్డ ఫోటోలను నర్సులే తమ పేజీల్లో పెట్టారు. ముఖాలు కనిపిస్తున్నాయి, ఎవరూ పీపీఈలో లేరు. నేను వాటిలో ఒకదాన్ని నా పేజీలో పంచుకుని, బోర్లా పడుకోబెట్టడం నుంచి నీళ్ల సీసా దాకా నర్సులు నాకు చేసిన పనులను ఒక్కొక్కటిగా రాశాను. మా కాలేజీ సహోద్యోగులు కొందరు దాని కింద తమ ఆసుపత్రి రోజుల్లో నర్సులు తమకు చేసిన పనులను రాయడం మొదలుపెట్టారు.